ఆరువందల ఏళ్ల ఓపిక, రెండువందల ఫెమ్టోసెకండ్ల పని

చీకటికి అలవాటుపడిన మనిషి కన్ను ఎంత తక్కువ వెలుగును పట్టగలదో 1942లో కొలంబియా విశ్వవిద్యాలయంలో సెలిగ్ హెక్ట్, సైమన్ ష్లేర్, మారిస్ పిరెన్ అనే ముగ్గురు కొలిచారు. రెటీనాలో ఐదు నుంచి పద్నాలుగు ఫోటాన్లు ఇంకితే చాలు, మెరుపు కనబడిందని మనిషి చెప్పగలడని తేలింది. ఆ కాసిని ఫోటాన్లూ వెలుగును పసిగట్టే వందలాది దండకణాల మీద చెల్లాచెదురుగా పడతాయి కాబట్టి ఒకే కణం మీద రెండు పడటం చాలా అరుదు. అంటే ఒక్క ఫోటాన్ ఒక్క అణువును తాకినా ఆ కణానికి తెలిసిపోతుందన్నమాట.

ఇంత సున్నితమైన ఏర్పాటుకు మామూలుగా ఒక లోపం ఉండాలి. వెలుగు పడకపోయినా పడినట్టు చెప్పాలి. మన ఒళ్లు వెచ్చగా ఉంటుంది, ఆ వేడికి లోపలి అణువులన్నీ అదురుతూనే ఉంటాయి. దండకణంలో వెలుగును పట్టేది రొడాప్సిన్ అనే ప్రోటీను. ఒక్కో కణంలో అది పది కోట్ల అణువులకు పైనే ఉంటుంది. ఆ అదురుపాటులో వీటిలో ఏ ఒక్కటి తనంతట తాను రూపం మార్చుకున్నా మెదడుకు లేని వెలుగు కబురు అందుతుంది. 1984లో డెనిస్ బేలర్ బృందం కోతి దండకణాలను గాఢమైన చీకట్లో పెట్టి వాటి విద్యుత్తును కొలిచింది. ఒక్కో కణంలో సుమారు రెండున్నర నిమిషాలకు ఒక దొంగ సంకేతం వచ్చింది. అన్ని కోట్ల అణువులకూ కలిపి అంతే! భాగించి చూస్తే, ఒక్క అణువు వేడికి లొంగడానికి సగటున ఆరువందల ఏళ్లు పడుతుంది.

అదే అణువు మీద ఫోటాన్ పడితే ఎంతసేపు పడుతుంది? సెకండును లక్ష కోట్ల ముక్కలు చేస్తే ఒక్కో ముక్క పికోసెకండు. దాన్ని మళ్లీ వెయ్యి ముక్కలు చేస్తే ఫెమ్టోసెకండు. 1991లో బర్క్‌లీలో రిచర్డ్ మాథీస్, చార్లెస్ శాంక్, వారి సహచరులు అతిచిన్న లేజరు మెరుపులతో రొడాప్సిన్‌ను పరీక్షించి, మార్పంతా 200 ఫెమ్టోసెకండ్లలో అయిపోతోందని చూపించారు. ఆ వ్యవధిలో కాంతి కూడా మిల్లీమీటరులో పదహారో వంతుకు మించి ముందుకు పోలేదు.

వేడికి ఆరువందల ఏళ్లు లొంగనిది ఫోటాన్‌కు ఇంత తేలిగ్గా ఎలా లొంగింది? లేజరుతో మొదలూ చివరా తెలుస్తాయి, మధ్యలో రంగు ఎలా మారిందో తెలుస్తుంది. కానీ ఏ పరమాణువు ముందు కదిలింది, ఏది దారి ఇచ్చింది, ఏది అడ్డుపడింది అన్నవి చాలాకాలం ఏ పరికరానికీ చిక్కలేదు. అవి తెలుసుకోవాలంటే కాగితం మీద, ఆ తర్వాత కంప్యూటరులో, అణువును మళ్లీ కట్టుకుని కదిలించి చూడటమే దారి. ఈ అధ్యాయం ఆ పని గురించి.

ముందు అణువును చూద్దాం. ఆవు కంటి రొడాప్సిన్‌ మీద జరిగినన్ని పరిశోధనలు మరే జంతువు రొడాప్సిన్‌ మీదా జరగలేదేమో. అది 348 అమైనో ఆమ్లాల గొలుసు. ఆ గొలుసు దండకణంలోని కొవ్వుపొరను ఏడుసార్లు అటూ ఇటూ దాటుతుంది. దాటిన ప్రతిసారీ మరమెలిక తిరిగిన కడ్డీలా ఉంటుంది. ఏడు మెలికల నడుమ చిన్న గూడు, ఆ గూట్లో రెటినాల్. అది విటమిన్ ఏ నుంచి వచ్చిన చిన్న అణువు. వెలుగును నిజంగా మింగేది ఇదే, మిగతా ప్రోటీనంతా దీని చుట్టూ కట్టిన ఇల్లు. రెటీనాలో విటమిన్ ఏ ఉందని 1933లో జార్జ్ వాల్డ్ కనిపెట్టారు. 1967లో ఆయనకు నోబెల్ రావడానికి ఆ దారిలో చేసిన కృషే కారణం. విటమిన్ ఏ చాలని పిల్లలకు రేచీకటి వచ్చేది ఈ గూళ్లు ఖాళీగా మిగిలిపోవడం వల్లే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చేసిన క్షేత్ర పరీక్షల ఆధారంగానే 1970లో ఆరు నెలలకొకసారి పిల్లలకు రెండు లక్షల యూనిట్ల విటమిన్ ఏ పోసే దేశవ్యాప్త కార్యక్రమం మొదలైంది. అంగన్‌వాడీలో చెంచాతో పోసిన ఆ చుక్కలు చివరికి చేరేది ఈ ఏడు మెలికల మధ్యకే.

రెటినాల్‌లో కర్బన పరమాణువులు వరుసగా ఉంటాయి. ఒక బంధం ఒంటిది, పక్కది జంట, మళ్లీ ఒంటిది, మళ్లీ జంట. ఒంటి బంధం చుట్టూ అణువు తేలిగ్గా తిరుగుతుంది, జంట బంధం తిరగనివ్వదు. చీకట్లో 11, 12 సంఖ్యల కర్బనాల మధ్య జంట బంధం దగ్గర గొలుసు వంగి ఉంటుంది. ఫోటాన్ పడగానే ఆ వంపు పోయి గొలుసు సాఫీ అవుతుంది. చూపు మొత్తంలో వెలుగు చేసే పని ఇదొక్కటే. ఆ తర్వాత జరిగేదంతా చీకట్లోనైనా జరిగిపోయే రసాయనమే. రూత్ హబ్బర్డ్, అలెన్ క్రాఫ్ 1958లోనే ఈ మాట తేల్చి చెప్పారు.

ఇక కదిలించే విద్య సంగతి. దీన్ని మాలిక్యులర్ డైనమిక్స్ అంటారు. ఆలోచన న్యూటన్‌దే. ప్రతి పరమాణువు మీద పనిచేసే బలం తెలిస్తే త్వరణం తెలుస్తుంది. త్వరణం తెలిస్తే రవ్వంత కాలం తర్వాత అది ఎక్కడుంటుందో తెలుస్తుంది. అక్కడికి జరిపి బలాలను మళ్లీ లెక్కించాలి, మళ్లీ జరపాలి. 1957లో బెర్నీ ఆల్డర్, థామస్ వెయిన్‌రైట్ గట్టి గోళీల్లాంటి కణాలతో ఈ పని చేశారు. నిజమైన పరమాణువుల మధ్య ఉండే బలాలతో ఒక ద్రవాన్ని మొదటిసారి ఇలా కదిలించినవాడు మన హైదరాబాదులో పుట్టిన అనీసుర్ రహ్మాన్. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పి, అమెరికా వెళ్లి షికాగో దగ్గర ఆర్గాన్ జాతీయ ప్రయోగశాలలో చేరాడు. అక్కడ సీడీసీ 3600 అనే యంత్రం మీద 864 ఆర్గాన్ పరమాణువులను నడిపించి 1964లో ఫలితం ప్రకటించాడు. 1971లో ఫ్రాంక్ స్టిలింజర్‌తో కలిసి 216 అణువులతో నీటిని అనుకరించాడు. ఈనాడు ప్రపంచంలో ఏ ప్రోటీను అనుకరణ తెరిచినా దాని చుట్టూ నింపిన నీళ్లకు మూలం ఆ 216 అణువులే. అమెరికా భౌతికశాస్త్ర సంఘం కంప్యూటర్ భౌతికశాస్త్రానికి ఇచ్చే బహుమతికి ఆయన పేరు పెట్టుకుంది. ఇక్కడ ఆయన పేరు విన్నవాళ్లు ఎంతమంది ఉన్నారో నాకు అనుమానమే.

ఆర్గాన్‌కు బంధాలు లేవు. ప్రోటీనుకు ఉన్నాయి. అందుకని పరమాణువుల జతకు ఒక స్ప్రింగు, మూడేసి పరమాణువుల మధ్య కోణానికి ఒక స్ప్రింగు, బంధం చుట్టూ మెలి తిరగడానికి ఒక సూత్రం రాసుకుంటారు. ప్రతి పరమాణువుకూ కొంత విద్యుదావేశం కేటాయిస్తారు. బంధం లేని పరమాణువులు మరీ దగ్గరైతే నెట్టుకునేలా, కొంచెం ఎడంగా ఉంటే లాక్కునేలా మరో సూత్రం ఉంటుంది. ఈ సంఖ్యల పట్టికను పరిశోధకులు ఫోర్స్ ఫీల్డ్ అంటారు. ఈ సంఖ్యల్లో కొన్ని ప్రయోగాల్లో కొలిచినవి, కొన్ని క్వాంటం లెక్కల్లో వచ్చినవి, ఇంకొన్ని ఫలితం కుదిరేదాకా సర్దినవి. రంగురంగుల బొమ్మల్లో ప్రోటీను నాట్యమాడే వీడియో చూసి అదే నిజమని నమ్మేసేవాళ్లకు నేను ముందుగా చెప్పే మాట ఇదే. దాని కింద ఒక పట్టిక ఉంది, ఆ పట్టికను మనుషులు రాశారు.

ప్రోటీను మీద జరిగిన మొదటి అనుకరణ అనగానే చాలా పుస్తకాలు 1977 నాటి పరిశోధనను చెబుతాయి. ఆండ్రూ మెక్‌కామన్, బ్రూస్ గెలిన్, మార్టిన్ కార్‌ప్లస్ 58 అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీనును, చుట్టూ నీరు కూడా లేకుండా, సుమారు తొమ్మిది పికోసెకండ్లపాటు కదిలించారు. అది గొప్ప పనే. అయితే అంతకు ఏడాది ముందే, 1976లో, ఏరియే వార్షెల్ నేచర్ పత్రికలో ఒక చిన్న వ్యాసం రాశాడు. ఒక జీవక్రియను ఇలా కదిలించి చూసిన మొదటి ప్రయత్నం అదే. అతను ఎంచుకున్న క్రియ చూపులో మొదటి అడుగు.

ఇందులో సాహసం ఏమిటంటే అప్పటికి రొడాప్సిన్ నిర్మాణం ఎవరికీ తెలియదు. అది తెలియడానికి ఇంకా 24 ఏళ్లు పట్టింది. గూడు ఎలా ఉంటుందో తెలియకుండా గూట్లోని అణువు కదలికను లెక్కించాలి. వార్షెల్ ఊహ ఇది: గూడు ఇరుకు, గొలుసు రెండు చివర్లూ పట్టు చిక్కి ఉంటాయి. గొలుసు మధ్యలో ఒకే బంధం చుట్టూ తిరిగితే ఒక చివర పెద్ద వలయంలో ఊగాలి, అందుకు గూట్లో చోటుండదు. అలా కాకుండా ఒకటి విడిచి ఒకటిగా ఉన్న రెండు జంట బంధాలు ఒకేసారి ఎదురెదురు దిశల్లో తిరిగితే, చివరలు దాదాపు కదలకుండానే మధ్యభాగం తిరిగిపోతుంది. సైకిల్ తొక్కుతున్నప్పుడు పెడల్ కడ్డీ తిరుగుతుంది, చక్రం ఇరుసు అక్కడే ఉంటుంది కదా. ఆ నమూనాకు అతను పెట్టిన పేరు కూడా సైకిల్ పెడల్ అనే. మార్పు వంద ఫెమ్టోసెకండ్ల పరిధిలో అయిపోతుందని లెక్క చెప్పింది. అప్పటికి ఉన్న ప్రయోగ ఫలితం 1972 నాటిది, ఆరు పికోసెకండ్లలోపు అని మాత్రమే చెప్పగలిగింది. అంతకన్నా సన్నగా కొలిచే గడియారం లేదు.

పదిహేనేళ్ల తర్వాత బర్క్‌లీ లేజరు 200 ఫెమ్టోసెకండ్లని చెప్పింది. ఆ రెండు సంఖ్యలూ ఒకే పరిధిలో ఉండటం కాకతాళీయం కాదని నా అభిప్రాయం. గూడు ఇరుకన్న ఒక్క సంగతి సరిగ్గా పట్టుకుంటే మిగతాది లెక్కలోంచి దానంతటదే వచ్చింది.

అయితే ఇక్కడొక చిక్కు ఉంది. వార్షెల్ అప్పటికే దాన్ని గుర్తించాడు గనుకనే ఈ పని చేయగలిగాడు. స్ప్రింగుల లోకంలో జంట బంధం తిరగదు. ఒంటి వేడికి లొంగాలంటే ఆరువందల ఏళ్లు ఆగాల్సిందే. ఫోటాన్ పడ్డప్పుడు ఎలక్ట్రానుల అమరికే మారిపోతుంది. జంట బంధం కాసేపు ఒంటి బంధంలా పట్టు సడలుతుంది. ఎలక్ట్రానుల మాట వచ్చాక న్యూటన్ సరిపోడు, క్వాంటం లెక్క కావాలి. కానీ ప్రోటీనంతటికీ క్వాంటం లెక్క చేయడం అప్పట్లో కుదిరే పని కాదు, ఇప్పుడూ తేలిక కాదు. కాబట్టి వెలుగు మింగే కొన్ని పరమాణువులకు మాత్రం క్వాంటం, మిగతా వేల పరమాణువులకు స్ప్రింగులు. వార్షెల్, కార్‌ప్లస్ 1972లో ఇలాంటి జంట కర్బన గొలుసుల మీదే ఈ రెండింటినీ కలిపారు. 1976లో వార్షెల్, మైకేల్ లెవిట్ దాన్ని ఒక ఎంజైముకు విస్తరించారు. 2013 నోబెల్ రసాయనశాస్త్ర బహుమతి కార్‌ప్లస్, లెవిట్, వార్షెల్‌లకు వచ్చింది ఈ రెండు లోకాలను అతికించినందుకే.

అంకెల్లో చూస్తే ఫోటాన్ బలం అర్థమవుతుంది. ఆవు రొడాప్సిన్ బాగా మింగే రంగు దాదాపు 500 నానోమీటర్ల నీలి ఆకుపచ్చ. ఆ ఫోటాన్ శక్తి మోలుకు సుమారు 57 కిలోకేలరీలు. శరీరపు వేడి ఒక్కో కదలికకు ఇచ్చేది 0.6. దాదాపు వంద రెట్లు తేడా. ఫోటాన్ తెచ్చిన శక్తిలో అరవై శాతం దాకా మెలితిరిగిన రెటినాల్‌లో, దాని చుట్టుపక్కల బిగువులో నిల్వ ఉండిపోతుంది. మిగతాది వేడిగా పోతుంది. ఇంకో విశేషం చెప్పాలి. రెటినాల్‌ను ప్రోటీను లోంచి తీసి మిథనాల్‌ లాంటి ద్రావకంలో ఇదే రూపంలో వేసి వెలుగు చూపిస్తే, అది పికోసెకండ్లు తీసుకుంటుంది, ఏ బంధం దగ్గర తిరగాలో తేల్చుకోలేక ఎక్కువసార్లు విఫలమవుతుంది. గూట్లో ఉన్నప్పుడు మాత్రం మింగిన ప్రతి మూడు ఫోటాన్లలో రెండు పని పూర్తి చేస్తాయి. కాబట్టి అసలు ప్రశ్న రెటినాల్ గురించి కాదు, గూడు గురించి.

గూడు చిత్రం 2000లో వచ్చింది. క్రిస్టఫ్ పాల్‌చెవ్‌స్కీ, మసాషి మియానో, వారి సహచరులు ఆవు రొడాప్సిన్ స్ఫటికాలను ఎక్స్-కిరణాలతో పరీక్షించి 2.8 ఆంగ్‌స్ట్రాముల వివరంతో నిర్మాణం ప్రకటించారు. ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యి కోట్ల వంతు. అదే ఏడు మెలికల ప్రోటీన్ల పెద్ద కుటుంబంలో మొదటి నిర్మాణం. గుండె దడ మందులు, ఆస్తమా మందులు పనిచేసేది ఆ కుటుంబంలోని ఇతర ప్రోటీన్ల మీదే కాబట్టి మందుల కంపెనీలు కూడా ఆ చిత్రం కోసం కాచుకుని ఉన్నాయి.

చిత్రం దొరికితే అనుకరణ సులువు అనుకుంటాం. బయటివాళ్లకు తెలియని పని అసలు ఇక్కడే మొదలవుతుంది. ఆ వివరంలో ఎక్స్-కిరణాలకు హైడ్రోజన్లు కనబడవు, ఎక్కడుండాలో మనమే పెట్టాలి. గొలుసులో అటూ ఇటూ ఊగే భాగాలు చిత్రంలో మసకగా ఉంటాయి, వాటిని పూరించాలి. ఆ తర్వాత ప్రోటీనును కొవ్వు అణువుల పొరలో గుచ్చి, కిందా పైనా నీళ్లు పోసి, ఉప్పు అయాన్లు వేస్తారు. ఇదంతా ఒక పెట్టె. పెట్టె కుడి గోడ దాటిన పరమాణువు ఎడమ గోడ లోంచి తిరిగి వస్తుంది, అలాగైతే అంచులంటూ ఉండవు. కలిపి యాభై వేల పరమాణువులనుకుందాం. జతల లెక్క తీస్తే 125 కోట్లు. ప్రతి అడుగులో ఆ బలాలన్నీ లెక్కకు రావాలి. అడుగు నిడివి ఒకటి లేదా రెండు ఫెమ్టోసెకండ్లు, అంతకు మించితే హైడ్రోజన్లు అదిరే వేగానికి లెక్క చితికిపోతుంది.

ఆవేశాల దగ్గర మరీ తలనొప్పి. రెటినాల్ ప్రోటీను గొలుసులో 296వ స్థానంలోని అమైనో ఆమ్లమైన లైసిన్‌కు అతుక్కుని ఉంటుంది, ఆ అతుకు దగ్గర నైట్రోజన్‌కు ధనావేశం. దానికి తోడుగా 113వ స్థానంలోని గ్లుటమేట్ అనే మరో అమైనో ఆమ్లం ఋణావేశంతో కూర్చుని ఉంటుంది. ఇంతవరకు తగాదా లేదు. 181వ స్థానంలో మరో గ్లుటమేట్ గూటి పక్కనే ఉంది. చీకట్లో దానికి ఆవేశం ఉందా, ఒక ప్రోటాన్‌ను పట్టుకుని తటస్థంగా ఉందా? ఒక హైడ్రోజన్ ఉండటం, లేకపోవడం. స్ఫటిక చిత్రం ఆ మాట చెప్పదు. కొన్ని ప్రయోగాలు తటస్థమన్నాయి, వెలుగు పడ్డాక 113 పాత్ర 181కి మారుతుందని ఒక వాదం కూడా వచ్చింది. 2006లో మైకేల్ బ్రౌన్, స్కాట్ ఫెల్లర్ తదితరులు రెండు విధాలుగానూ అనుకరణ నడిపి, రెటినాల్ మీది మిథైల్ గుంపులు (ఒక్కోటి ఒక కర్బనం, మూడు హైడ్రోజన్లు) ఏ దిక్కుకు చూస్తున్నాయన్న ఎన్ఎంఆర్ (అయస్కాంత అనునాద) కొలతలతో పోల్చారు. వారి మొగ్గు ఆవేశం ఉందన్న వైపే. 113, 181 రెండూ కలిసి ధనావేశానికి తోడుంటాయని వారి వాదన. నాకు ఈ ఉదాహరణ ఇష్టం. అనుకరణ మొదలుపెట్టేవాడు ముందే ఒక జవాబు టైపు చేయాలి, ఆ జవాబు తప్పయితే తర్వాత వచ్చే మైక్రోసెకండ్లన్నీ తప్పే. కానీ రెండు జవాబులూ విడివిడిగా నడిపి బయటి కొలత ముందు నిలబెట్టవచ్చు, ఏది ఓడిందో చూడవచ్చు.

ఇక వెలుగు పడటం. క్వాంటం లెక్కలు మొదటి కొన్ని వందల ఫెమ్టోసెకండ్లకే ఖర్చయిపోతాయి. ఆ తర్వాతి నానోసెకండ్ల కథ కావాలంటే చాలామంది ఒక ఉపాయం చేస్తారు. 11, 12 కర్బనాల మధ్య మెలిక సూత్రాన్ని కాసేపు తిప్పి రాస్తారు. అప్పటిదాకా వంపు రూపం ఇష్టమైన బంధానికి హఠాత్తుగా సాఫీ రూపం ఇష్టమవుతుంది. కొన్ని వందల ఫెమ్టోసెకండ్లలో అది తిరిగిపోతుంది. వెంటనే పాత సూత్రం మళ్లీ పెట్టేస్తారు. మొహమాటం లేకుండా చెప్పాలంటే ఇది వెలుగు కాదు, వెలుగు చేసే పనికి నకలు. అయినా తిరిగిన తర్వాత గూడు ఎలా సర్దుకుంటుందో చూడటానికి పనికొస్తుంది. ఎమద్ తాజ్‌ఖొర్షిద్, క్లాస్ షుల్టెన్ బృందం 2002లోనే ఇలాంటి పని ప్రచురించింది.

తిరిగిన రెటినాల్‌కు గూట్లో చోటు చాలదు. సాఫీ అయిన గొలుసు మెలికలను నెడుతుంది. నులకమంచంలో ఒక మూల తాడు బిగిస్తే ఎదురు మూల కోడు కూడా కిర్రుమన్నట్టు, గూటి లోపలి నెట్టుడు ప్రోటీను అవతలి కొస దాకా పోతుంది. కానీ వెంటనే కాదు. చివరికి ఆరో మెలిక కణం లోపలి వైపు ఆరేడు ఆంగ్‌స్ట్రాములు బయటికి జరిగి, ట్రాన్స్‌డ్యూసిన్ అనే మరో ప్రోటీనుకు కూర్చోవడానికి చోటు ఇస్తుంది. అప్పుడే సంకేతం మొదలవుతుంది. దానికి మిల్లీసెకండ్లు పడుతుంది. రెండు ఫెమ్టోసెకండ్ల అడుగులతో ఒక మిల్లీసెకండు నడవాలంటే యాభై వేల కోట్ల అడుగులు.

ఈ దూరం తగ్గించడానికి యంత్రాలే మార్చారు. ఐబీఎం బ్లూజీన్ అనే సూపర్ కంప్యూటరు మీద అలన్ గ్రాస్‌ఫీల్డ్, స్కాట్ ఫెల్లర్, మైఖేల్ పిట్‌మన్ 2006లో చీకటి రొడాప్సిన్‌ను ఒక్కొక్కటి వంద నానోసెకండ్ల చొప్పున 26 సార్లు విడివిడిగా నడిపారు. ఒక్కసారే పొడుగ్గా నడపడం కంటే ఇన్నిసార్లు నడపడం తెలివైన పని. ఒకే పరుగులో కనబడిందాన్ని నమ్మలేం, అది యాదృచ్ఛికం కావచ్చు. వారు పొరలో మామూలు కొవ్వు కాకుండా, రెటీనాలో పుష్కలంగా ఉండే డీహెచ్ఏ కొవ్వు ఆమ్లాన్ని పెట్టారు. చేపనూనెలో ఉండేదీ అదే. ఆ కొవ్వు గొలుసులు ప్రోటీను మెలికల మధ్య సందుల్లో కొన్ని నిర్దిష్టమైన చోట్ల దూరి కూర్చున్నాయి. కొవ్వుపొర అంటే ప్రోటీను తేలే నూనె మాత్రమే అనుకునేవాళ్లకు ఇది కొత్త సంగతి. 2008లో అదే పరంపరలో, రెటినాల్ తిరిగాక ప్రోటీను కడుపులోకి నీటి అణువులు చేరడం కనిపించింది. డేవిడ్ షా సంస్థ ఆంటన్ అనే ప్రత్యేక యంత్రం కట్టి, 1977లో తొమ్మిది పికోసెకండ్లు నడిచిన అదే చిన్న ప్రోటీనును 2010లో ఒక మిల్లీసెకండు నడిపింది. ముప్ఫై మూడేళ్లలో పది కోట్ల రెట్లు.

సైకిల్ పెడల్ మాటేమైంది? ఆ ఊహ పూర్తిగా గెలవలేదు, పూర్తిగా ఓడలేదు. తర్వాత వచ్చిన క్వాంటం లెక్కల్లో 11, 12 మధ్య బంధం చివరిదాకా తిరిగింది. దాని జతగా తిరగాల్సిన 9, 10 మధ్య బంధం కొంతదాకా మెలితిరిగి మళ్లీ వెనక్కి వచ్చేసింది. గూట్లో చోటు కావాల్సినంతసేపు సాయం చేసి తప్పుకున్నట్టు. 2010లో మిలాన్‌లో జూలియో చెరుల్లో, బొలోన్యాలో మార్కో గారవెల్లి బృందాలు లేజరు కొలతనూ అనుకరణనూ పక్కపక్కన పెట్టి, ఫోటాన్ తెచ్చిన ఉత్తేజిత స్థితి, మామూలు స్థితి ఒకదాన్నొకటి కలిసే చోటికి అణువు 80 ఫెమ్టోసెకండ్లలోపే చేరుతోందని నేచర్‌లో చూపించారు.

2023లో మరో పెద్ద మెట్టు. స్విట్జర్లాండులోని స్విస్‌ఎఫ్ఈఎల్, జపాన్‌లోని సాక్లా ఎక్స్-కిరణ లేజర్ల దగ్గర గెబ్‌హార్డ్ షెర్ట్లర్, వాలెరీ పనీల్స్ బృందం రొడాప్సిన్ స్ఫటికాలకు వెలుగు చూపించి, ఒక పికోసెకండు తర్వాత ప్రోటీను ఎలా ఉందో చిత్రం తీసింది. రెటినాల్ అప్పటికే సాఫీ రూపానికి వచ్చింది, కానీ తీవ్రంగా మెలితిరిగి ఉంది. గూటి గోడలతో ఉన్న పట్టుల్లో చాలావాటిని వదిలేసింది. మిగిలిన శక్తి ప్రోటీను అంతటా సమానంగా కాకుండా ఒక వైపుకే, కణం వెలుపలి వైపుకు, ఊపిరి పీల్చినట్టు వ్యాపించింది. అనుకరణలు నలభై ఏళ్లుగా చెబుతూ వచ్చిన మెలిక, బిగువు నిజమని ఈ చిత్రం తేల్చింది. శక్తి ఇలా ఒకే వైపుకు పోతుందన్న సంగతిని మాత్రం ప్రయోగమే ముందుకు తెచ్చింది.

గూడు ఇరుకు దేనికన్న ప్రశ్నకు జవాబు రసాయనవేత్తల పాత ప్రయోగాల్లోనే ఉంది. అనుకరణలు ఆ జవాబుకు కారణం చూపాయి. 11 దగ్గర కాకుండా 9 దగ్గర వంపున్న రెటినాల్‌ను అదే గూట్లో పెట్టవచ్చు. అది పనిచేస్తుంది, కానీ మలుపుకు 600 ఫెమ్టోసెకండ్ల దాకా పడుతుంది, విజయం మామూలు దాంట్లో సగానికి మించదు. ఆవు, మనిషి, ఆక్టోపస్, ఈగ అన్నీ 11 దగ్గరి వంపునే వాడుకుంటాయి. ఆ వంపులో 10వ కర్బనం మీది హైడ్రోజన్, 13వ కర్బనం మీది మిథైల్ గుంపు ఒకదాన్నొకటి తాకేంత దగ్గరగా నెట్టుకుంటాయి, అందువల్ల గొలుసు చీకట్లోనే కొంచెం మెలితిరిగి ఉంటుంది. ఫోటాన్ వచ్చేసరికి ఎటు తిరగాలో సగం నిర్ణయమైపోయి ఉంటుంది. 13 మీది ఆ మిథైల్‌ను తీసేసి అక్కడ ఒక్క హైడ్రోజన్ పెట్టిన రెటినాల్‌తో రొడాప్సిన్ తయారుచేశారు. మలుపు 400 ఫెమ్టోసెకండ్లకు నెమ్మదించింది. వందకు 67 ఫోటాన్లు పనిచేసే చోట 47 మాత్రమే పనిచేశాయి.